నాపరాయికి రెండో ముఖం

పలనాడులో పాత మిద్దె కూల్చేటప్పుడు అనుభవం ఉన్న మేస్త్రి చూపు కంటే ముందు చెవి వాడతాడు. వాసాల మీంచి దించిన నాపబండను అంచు మీద నిలబెట్టి సుత్తితో చిన్నగా తడతాడు. ఖంగుమంటే పక్కన పెట్టమంటాడు. చచ్చు పలుకు పలికిందంటే లోపల ఎక్కడో వెంట్రుకంత జీర ఉన్నట్టే. అది కంటికి ఆనదు, చేతికి తగలదు, బరువు పడ్డ రోజున మాత్రం బయటపడుతుంది. అలాంటి బండ గుంత పూడ్చడానికో కంకరలోకో పోతుంది.

గురజాల, మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు పాత ఇళ్లలో రాయి లేని చోటు వెతుక్కోవాలి. కాళ్ల కింద నాపరాయి, నెత్తి మీద నాపరాయి. మెట్లు అదే, అరుగు అదే, దొడ్డి చుట్టూ పాతిన కడీలు అవే, గొడ్లు కుడితి తాగే తొట్టి అదే. ఇప్పుడు ఆ ఇళ్ల స్థానంలో కాంక్రీటు స్లాబులు లేస్తున్నాయి. నేలకు టైల్స్ వస్తున్నాయి. దించిన రాయి కొంతకాలం గోడవారగా పడి ఉంటుంది. దాని మీద పిల్లలు ఎక్కి దూకుతారు, కోళ్లు పడుకుంటాయి, చివరికి ఒక ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోతుంది.

ఆ గోడవార బండను బల్లగా, పీటగా, టీపాయిగా, తోటలో కూర్చునే ఆసనంగా మలిచే కళ ప్రపంచంలో చాలాచోట్ల గౌరవంగా బతుకుతోంది. సగం శిల్పం, సగం సామాను అనదగ్గ పని అది. షోరూముల్లో అద్దంలా మెరిసే పాలరాతి డైనింగ్ టేబుల్ వేరు, ఇది వేరు. అక్కడ రాయి గతాన్ని పూర్తిగా గీకేస్తారు. ఇక్కడ ఆ గతమే సరుకు. గొడ్ల మెడ రాసుకుని నునుపెక్కిన తొట్టి అంచు, మూడు తరాల అరికాళ్లు అరగదీసిన మెట్టు నడుమ భాగం, వంటింటి పొగ పట్టిన కప్పుబండ అడుగుభాగం. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదే ఈ డిజైన్‌లో అసలు కష్టం.

పలనాడుకు ఇదేమీ కొత్త విద్య కాదు. ఒకసారి చెక్కిన రాయిని తిరగేసి మళ్లీ చెక్కిన ఉదాహరణల్లో లోకానికి బాగా తెలిసినది ఈ జిల్లాదే.

అమరావతి స్తూపం నుంచి వెళ్లిన ఒక పలక ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎత్తు నాలుగడుగులు ఉంటుంది. దానికి రెండు ముఖాలు. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నాటిదని పండితులు లెక్కకట్టే ముఖం మీద బోధి వృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న భక్తులు ఉంటారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలం అది. ఆయన ఉన్నాడని చెప్పడానికి శిల్పికి దొరికిన గుర్తు ఒక కూర్చునే పీట! ఆ తరువాత ఇంచుమించు మూడు నాలుగు వందల ఏళ్లకు, స్తూపాన్ని పునరుద్ధరించే రోజుల్లో, మరో శిల్పి అదే పలకను తిప్పి వెనకవైపున ఏకంగా స్తూపాన్నే చెక్కాడు. సింహాల స్తంభాలు, పాముల చుట్టలు, గాల్లో తేలే గణాలు, ఇసుక వేస్తే రాలనంత పని. పాత ముఖాన్ని మాత్రం చెరపలేదు. గోడ వైపుకు తిప్పి దాచాడంతే. ఆ దాచడం వల్లే రెండూ మనకు మిగిలాయి.

తవ్వి తెచ్చే కూలి ఎక్కువ, చేతిలో ఉన్న మంచి పలక తక్కువ. అందుకే తిప్పి చెక్కారేమో. పవిత్రమైన రాయిని పారేయడానికి మనసొప్పకపోయీ ఉండొచ్చు. ఏదైనా, రాయిని తిరిగి వాడటంలో ఇంతకంటే మర్యాద అయిన పద్ధతి ఉండదు.

అమర్యాద అయిన పద్ధతి కూడా అదే ఊళ్లో జరిగింది. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చుకున్నాడు. కొత్త ఊరు కట్టడానికి రాయి కావాలి, పక్కనే స్తూపం పూడిపోయిన దీపాలదిన్నె అనే దిబ్బ నిండా చెక్కిన రాయి ఉంది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ వింత విని చూడటానికి వచ్చేసరికి దిబ్బను తవ్వి పలకలు పట్టుకెళ్తున్నారు. 1816లో ఆయన తన చిత్రకారులతో మళ్లీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. ఆ మధ్య కాలంలో కొన్ని పలకలు మెట్లలోకి, గోడల్లోకి వెళ్లిపోయాయి. కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మరికొన్నిటిని రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి మచిలీపట్నం బజారు కూడలిలో అలంకారానికి పెట్టించాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు చేరాయి. అక్కణ్ణుంచి పెద్ద భాగం లండన్ వెళ్లింది. మెకంజీ గీయించిన బొమ్మల్లో ఉండి ఇప్పుడు ఎక్కడా దొరకని పలకలు ఉన్నాయి.

మెట్టుగా వాడిన రాయిని ఎప్పుడైనా తీసుకోవచ్చు. బట్టీలో వేసిన రాయిని తీసుకోలేం. ఈ ఒక్క తేడా తెలిస్తే పాతరాతితో పనిచేసేవాడికి సగం విద్య వచ్చినట్టే.

ఇంగ్లిషువాళ్లు అమరావతి పలకల రాతిని పాలరాయి అన్నారు, చాలామంది మనవాళ్లూ ఆ మాటే పట్టుకున్నారు. కానీ ఇది సున్నపురాయి. కడప బేసిన్ ఉత్తరపు కొసన ఉన్న పలనాడు పొరల్లోది, వయసు 50 కోట్ల ఏళ్లు దాటింది. గవ్వలూ శంఖాలూ పుట్టకముందే సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురద బిగిసి రాయైంది. అందుకే నాపరాయి పొరలుగా లేస్తుంది. గునపం మొన సరైన జీరలో దిగితే రెండంగుళాల మందంతో మంచంత పలక లేచి వస్తుంది. తలకాయంత మందం దాటితే శిల్పికి, రెండంగుళాలైతే మేస్త్రికి, పొడిపొడి అయితే బట్టీకి. గనిలో ఈ పంపకం ఎప్పటినుంచో నడుస్తోంది.

పిడుగురాళ్ల బట్టీల లెక్క ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. స్వచ్ఛమైన సున్నపురాయి నూరు కిలోలు కాలిస్తే చేతికి వచ్చే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాల్లోకి పోతుంది, కాల్చడానికి వాడిన బొగ్గు పొగ దీనికి అదనం. సిమెంటు తయారీలోనూ జరిగేది ఇదే పని, పెద్ద ఎత్తున. అదే నూరు కిలోల పాత బండను బల్లగా నిలబెడితే రాయి రాయిగానే ఉంటుంది. ఖర్చయ్యేది కోసే కరెంటూ మోసే డీజిలూ. అయితే పలనాడు బండను మాచర్ల నుంచి ముంబయి దాకా లారీలో మోయించి, అక్కడ పర్యావరణ హితమని రెట్టింపు ధర కట్టే బేరాన్ని చూసి కాస్త నవ్వుకోవచ్చు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. మిద్దె మీంచి దించిన ఒక బండ ఉందనుకోండి. పొడవు 5 అడుగులు, వెడల్పు అడుగుంపావు, మందం 2 అంగుళాలు. నాపరాయి బరువు ఘనపు మీటరుకు ఇంచుమించు 2,600 నుంచి 2,700 కిలోల దాకా ఉంటుంది. ఈ బండ దాదాపు 80 కిలోలు తూగుతుంది. ఇద్దరు మోస్తారు, ముగ్గురైతే నడుములకు మంచిది. దీనికి కాళ్లు ఎక్కడ పెట్టాలి?

చెక్కబల్ల చూసిన కళ్లు రెండు చివరలా పెట్టమంటాయి. రాయి దగ్గర అది తప్పు. నొక్కితే రాయి ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగదీస్తే ఓర్చదు. చివరల్లో కాళ్లు పెట్టి మధ్యలో ఇద్దరు కూర్చుంటే బండ పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది. పగులు ఎప్పుడూ అడుగు నుంచే, సరిగ్గా నడిమధ్య నుంచే మొదలవుతుంది. గుడుల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలుస్తుంది. అది వైభవం కోసమే కాదు, పై దూలం రాతిది కాబట్టి. మన బల్ల సంగతికొస్తే, పొడవులో అయిదోవంతు, అంటే చెరో చివర నుంచి అడుగు లోపలికి కాళ్లు జరపాలి. అప్పుడు బయటికి మిగిలిన చెరో అడుగు కిందికి లాగుతూ నడుము మీది భారాన్ని తగ్గిస్తుంది. కావిడి బద్దను భుజం మీద వేసుకున్న మనిషికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. చివర ఒక్కరే కూర్చుంటే బండ లేస్తుందేమోనని భయం అక్కర్లేదు, 80 కిలోల సొంత బరువు దాన్ని కదలనివ్వదు.

కాళ్లకు ఏం వాడాలి? పెరటి కడీలు ఉన్నాయి కదా. పాతిపెట్టిన భాగం మట్టిరంగు, పైభాగం ఎండకు వెలిసిన బూడిదరంగు, మధ్యలో తీగ కట్టిన చోట తుప్పు మరక. ఆ మరకను ఆసిడ్‌తో కడిగేవాళ్లున్నారు. కడగకుండా ఉంటేనే బాగుంటుంది. పైగా సున్నపురాతి మీద ఆసిడ్ పోస్తే మరకతో పాటు రాయీ పోతుంది. కడీ పైకొసను గాడిలా తీసి, బండ అడుగున దానికి సరిపడే నాలుకను వదిలితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. జిగురు మీదే ఆధారపడటం కంటే ఇది మేలు. మేకు తప్పదనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలుది వాడాలి. మామూలు ఇనుము లోపల తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి రాయిని చీలుస్తుంది. పాత కట్టడాలకు ఇనప పట్టీలతో చేసిన మరమ్మతులు ఎన్నో చోట్ల ఇలాగే వికటించాయి.

ఏ ముఖం పైకి పెట్టాలన్నది చివరి ప్రశ్న, చాలా రుచికరమైన ప్రశ్న. కప్పుబండ పైవైపు మట్టి మోసి మోసి గరుకెక్కి ఉంటుంది. అడుగువైపు వంటింటి పొగకు నల్లబడి ఉంటుంది. దాన్ని నీళ్లు పోస్తూ ముందు ముతక సానతో, ఆ తర్వాత సన్నసానతో కాస్త రుద్దితే నలుపు పూర్తిగా పోదు. నాపరాతి బూడిద నీలంలో మబ్బులా మిగులుతుంది. కొత్త బండకు ఆ రంగు ఏ పాలిష్‌తోనూ రాదు. అరవై ఏళ్ల జొన్నరొట్టెలు అందులో ఉన్నాయి మరి.

వాడకంలో రెండు జాగ్రత్తలు. సున్నపురాయికీ పులుపుకీ పడదు. నిమ్మరసం చుక్క పడితే సన్నగా నురగ వస్తుంది, తుడిచాక ఆ చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. చింతపండు పులుసు, పులిహోర ప్లేటు, మజ్జిగ గ్లాసు అన్నీ అంతే. కాబట్టి భోజనాల బల్ల చేయదలచుకుంటే అద్దంలాంటి పాలిష్ కంటే మట్టసమైన నునుపు మేలు, మచ్చపడ్డా కలిసిపోతుంది. రెండోది అంచు. కట్టర్ కోసి వదిలిన అంచు కత్తిలాంటిది, తొడకూ మోకాలికీ తగులుతుంది. పావంగుళమైనా మొద్దు చేయాలి. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో గనుల ఊళ్లకు తెలుసు.

ఈ చేతిపని తెలిసినవాళ్లు దూరంగా లేరు. మాచర్లకు దగ్గరలోని దుర్గి శిల్పులది తరతరాల పని, వాళ్ల రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ పుట్టేవి ఎక్కువగా దేవుడి బొమ్మలు. విగ్రహానికి శాస్త్రం ఉంది, కొలత ఉంది, ముఖం పొడవును తాళంగా తీసుకుని నిలువెత్తుకు ఇన్ని తాళాలని లెక్క ఉంది. బల్లకు ఆ కట్టుబాటు లేదు. లేకపోవడమే ఇబ్బంది కూడా. నగరంలో కంప్యూటర్ మీద గీసిన బొమ్మను ఫోన్‌లో పంపి, ఇది చెక్కి పెట్టమంటే శిల్పి చెక్కి పెడతాడు. కానీ ఏ పొర ఎటు లేస్తుందో, ఈ మూల ఉలికి నిలుస్తుందో రాలిపోతుందో గీసినవాడికి తెలియదు. దుర్గి శిల్పిని పని మొదట్లోనే కూర్చోబెట్టుకుని, రాయిని ముందు పెట్టుకుని గీయాలి. కూలీగా పిలిస్తే బల్ల వస్తుంది, బల్లలో శిల్పం రాదు.

ఇలా రాయి ముందు కూర్చుని చేసినవాళ్ల పేర్లు కొన్ని తెలిస్తే మంచిది. రుమేనియాలోని టర్గు జియు ఊళ్లో శిల్పి బ్రాంకూషి 1938లో నెలకొల్పిన నిశ్శబ్దపు బల్ల ఉంది. మధ్యలో గుండ్రటి రాతిబల్ల, చుట్టూ డమరుకంలా నడుము సన్నబడ్డ 12 రాతిపీటలు. అదీ సున్నపురాతి జాతిదే. అమెరికా శిల్పి స్కాట్ బర్టన్ 1980లో మొదలుపెట్టి రెండు పెద్ద బండరాళ్లను కుర్చీలు చేశాడు. చేసిందల్లా ఒక్కో రాతికి రెండు కోతలు, ఒకటి కూర్చోవడానికి, ఒకటి వీపు ఆన్చడానికి. మిగతాదంతా కొండ ఇచ్చిన ఆకారమే. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం వాటిని సేకరించింది. ఇసాము నొగుచి 1969 నుంచి జపాన్‌లోని మురే అనే రాతిపనివాళ్ల ఊళ్లో మసతొషి ఇజుమి అనే శిల్పితో కలిసి పనిచేశాడు. చివరి రోజుల్లో చేసిన శిల్పాల మీద గనిలో ఉన్నప్పటి పైచర్మాన్ని చాలాచోట్ల అలాగే వదిలేశాడు. మురే స్థానంలో దుర్గిని ఊహించుకోవడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

మనకు మాత్రం వాళ్లకు లేని ఒక చిక్కుంది. మన ఇంట్లో ప్రతి రాతికీ ఒక మర్యాద ఉంది. రోలు మీద కూర్చుంటే ఏ అమ్మమ్మ ఊరుకుంటుంది? గడప మీద కూర్చున్న పిల్లాణ్ణి లేవమని కసరని ఇల్లు ఉందా? పెళ్లిలో పసుపు దంచే రోలుకూ తిరగలికీ బొట్టు పెట్టి దండం పెడతాం. కాబట్టి పాత రుబ్బురోలును బోర్లించి స్టూలుగా అమ్మేవాళ్లకు ఆ వస్తువు తెలుసు, ఆ ఇల్లు తెలియదు. అదే రోలును పిచ్చుకలు నీళ్లు తాగే గిన్నెగా తోటలో పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తిరగలి చక్రాన్ని కుండీ కింద పీఠంగా పెట్టినా అంతే. కూర్చోవడానికి అరుగుబండ ఉంది, మెట్టు ఉంది, కళ్లంలో ధాన్యం నూర్చిన రాతిగుండు ఉంది. ఇవన్నీ మనుషుల బరువుకు అలవాటుపడ్డవే.

అసలే తాకకూడని రాళ్లూ ఉన్నాయి. ఇది కారంపూడి వీరుల నేల. పొలం గట్టున సగం పూడిన రాతి మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ కనబడితే అది వీరగల్లు. నాగశిలలు ఉన్నాయి, అక్షరాలున్న శాసనాలు ఉన్నాయి, కృష్ణ ఒడ్డున తామరపువ్వు చెక్కిన ముక్క దొరికితే అది ఏ స్తూపానిదో కావచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన శిల్పాలనూ శాసనాలనూ పురావస్తువులుగా లెక్కగడుతుంది. అలాంటిది ఇంటి పునాదిలో బయటపడితే తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పాలి. దాన్ని కోసి టీపాయి చేయడం దీపాలదిన్నె బట్టీ పనికి ఏమీ తీసిపోదు. పాత సామాను కొనేవాడు బేరానికి ముందు ఈ రాయి ఏ ఇంటిదో, ఇంట్లో ఎక్కడ ఉండేదో అడిగి రాసుకుంటే ఈ గొడవ సగం తీరుతుంది. ఆ రెండు ముక్కల రాత బల్ల అడుగున చెక్కి ఉంటే, రేపు కొన్నవాడికి తన టీపాయి ఒకప్పుడు గురజాల దగ్గర ఒక వంటింటి కప్పు అని తెలుస్తుంది.

ఊడదీసి తెచ్చి మళ్లీ పేర్చిన ఆసనాలు చూడాలంటే మాచర్ల నుంచి సాగర్ దారి పట్టి అనుపు వెళ్లాలి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోతుందని తెలిశాక, ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజుల్లోనే పురావస్తు శాఖ అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపింది. 1960 దాకా సాగిన ఆ పనికి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వం వహించాడు. బయటపడ్డవాటిలో కొన్నిటిని నాగార్జునకొండ మీదికి, అంటే ఇప్పటి దీవి మీదికి చేర్చారు. మరికొన్నిటిని కృష్ణ ఒడ్డున అనుపులో తిరిగి నిలబెట్టారు. అక్కడ నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే వరుసలున్న రంగస్థలం ఒకటి ఉంది. నడిమి చదరంలో నిలబడి మాట్లాడితే పై వరుసకు వినబడుతుంది. పర్యాటకులు అందరూ చేసే మొదటి పని చప్పట్లు కొట్టి చూడటం. రెండోది కూర్చోవడం. పదహారు, పదిహేడు వందల ఏళ్ల కిందటి ప్రేక్షకుల కోసం కొలిచి కట్టిన ఎత్తు ఇవాళ్టి మోకాళ్లకూ సరిగ్గానే సరిపోతుంది. ఎండాకాలం మాత్రం పది దాటితే రాయి సెగలు కక్కుతుంది, వచ్చినవాళ్లు తువ్వాలు మడిచి వేసుకుని కూర్చుంటారు.